వాలు తెలిసిన వక్రరేఖను గీయుట

ఒక వక్రరేఖను మనకెవ్వరును చూపలేదు. ఆ రేఖ యే తావున నెంత వాలియున్నదో మాత్రము చెప్పిరి. ఇంతమాత్రముచేత నా రేఖను కాగితముపై గీయవచ్చునా? గీయవచ్చును, కాని యొక్క లోపము మిగులును. ఆ లోపమెట్టిదో, దానినెట్లు పూరింపవలెనో, గీయునప్పుడు మన విద్యార్థులు సాధారణముగ నెచ్చట తడబడుదురో యీ వ్యాసమున వివరింపదలచితిమి. ఈ విషయము పదవ తరగతి దాటిన పిమ్మట వచ్చు కలనగణితమునకు జెందినది. అయినను క్షేత్రగణితమున సరళరేఖ వాలును నేర్చిన బాలబాలికలకు దీని సారము సుగ్రాహ్యమేయని మా నమ్మకము.

తెలుగు చెప్పువారికి గణితముతో బనియేమని కొందఱడుగవచ్చును. మమ్ము కలిసికొను తల్లిదండ్రులు తఱచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. "సారూ, మా పిల్ల తెలుగుల లెక్కలు నేర్సుకున్నది. రేపు కాలేజీల అంతా ఇంగ్లీషే గద. అప్పుడు ఇదంతా దండుగేనా?" దండుగ కాదని నోటిమాటగా జెప్పుటకంటె నొక పాఠమును జెప్పి చూపుట మేలని మాకు తోచినది. తెలుగున గణితము నిన్న మొన్న పుట్టినది కాదు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసెను. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పెద్దలందురు. మన భాషలో శాస్త్రగ్రంథ రచనకు గణితమే తొలిమెట్లలో నొకటియైనదన్నమాట. కావున భాషోపాధ్యాయులమైనను మేమీ పాఠమును జెప్పుట కధికారము గలవారమే యని యెంచుచున్నాము.

ముందుగా మాటలు. ఒక రాశి మాఱినకొలది దానిననుసరించి మాఱు వేఱొక రాశిని ప్రమేయమందుము. కాలమును 'య' యనుకొన్నచో ఆ కాలమున నదిలోని నీటిమట్టము 'య' యొక్క ప్రమేయము. దానిని ప్ర(య) యని వ్రాయుదము. ఆ మట్టము ఒక క్షణమున నెంత వడిగా మాఱుచున్నదో తెలుపునది అవకలజము. దానిని ప్ర′(య) యని వ్రాయుదము. రేఖాచిత్రమున జూచినచో, వక్రరేఖకు ఆ బిందువుకడ గీసిన స్పర్శరేఖ వాలే యా అవకలజము. కళాశాలలో నీ అక్షరములకు మాఱుగ వేఱు లిపి అక్షరములు వచ్చును. వాలు మాత్రము మాఱదు.

'వాలు' అను మాటకడ నొక్కింత నిలువవలెను. తెలుగున వాలుట యనగనే క్రిందికి దిగుట స్ఫురించును. ప్రొద్దు వాలినది, ఱెప్ప వాలినది, కొంగ చెఱువుగట్టున వాలినది, అన్నియు దిగుటలే. మరాఠీ పాఠ్యపుస్తకమున నీ భావమునకే 'చఢ్' అని పేరు, అనగా నెక్కుట. ఒకే గణితభావమునకు ఒక భాష దిగుడువైపునుండియు, నింకొక భాష యెగుడువైపునుండియు పేరిడినవి. గణితమున నెడమనుండి కుడికి నడచునప్పుడు రేఖ పైకెక్కినచో వాలు ధనాత్మకము, దిగినచో ఋణాత్మకము. కనుక ఈ గుర్తుల విషయమున మరాఠీ మాటయే మనకు తోడ్పడును. ఇంట తెలుగు, వీధిని మరాఠీ మాటలాడు మన పిల్లలకు ఈ రెండు చూపులును పైకము చెల్లింపకయే లభించినవి. బొగ్గుగనులలో వాలుబాటవెంట దిగి, పని ముగిసిన పిమ్మట ఆ బాటవెంటనే యెక్కి వచ్చు తండ్రులున్న యిండ్లలో దీనిని గూర్చి వేఱుగ జెప్పబనిలేదు. బాట యొక్కటే, పోవు దిక్కును బట్టి గుర్తు మాఱును.

ఇంతటినుండి మూడు సూత్రములు పుట్టుచున్నవి. అవకలజము ధనాత్మకమైనంతమేర ప్రమేయము ఆరోహణము, ఋణాత్మకమైనంతమేర అవరోహణము. అవకలజము సున్నయైన చోట స్పర్శరేఖ బల్లపరుపుగ నుండును. అట్టి బిందువును స్థిరబిందువందుము. ఇవి సులభములు. బిడ్డలు వీనిని వల్లించి యప్పగింతురు కూడ. చిక్కంతయు వీనిని గీతగా మార్చునప్పుడే వచ్చుచున్నది.

విసాపూర్ వారికి వార్ధానదిని పరిచయము చేయనక్కఱలేదు. మధ్యప్రదేశమున బేతుల్ జిల్లాలోని ముల్తాయి ప్రాంతమందు సాత్పురా కొండలలో బుట్టి, మన ప్రక్కగా బాఱి, వైనగంగతో గలిసి ప్రాణహితయై, కాళేశ్వరముకడ గోదావరిని జేరుచున్నది. 1956 వఱకు ఆవలియొడ్డున నున్న రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. అప్పుడు నదియే రాష్ట్రములకు ఎల్ల. 2022 జూలై నెలలో వచ్చిన వరద ఈ జిల్లాలో నెన్ని యూళ్లను ముంచెత్తినదో మన విద్యార్థులు కన్నులార జూచినవారే. వరదకాలమున కేంద్ర జలసంఘమువారు ప్రకటించు సమాచారమున నీటిమట్టముతో పాటు, అది పెరుగుచున్నదా, నిలకడగ నున్నదా, తగ్గుచున్నదా యను సంగతియు నుండును. ఆ రెండవ సంగతియే అవకలజము యొక్క గుర్తు. గుర్తు మాత్రమే కాక దాని పరిమాణము కూడ తెలిసినచో నేమి చేయవచ్చునో చూతము.

ఒక దినమున నీటిమట్టము పెరుగు వడి యీ క్రింది విధముగ నున్నదనుకొందము. అంకెలు పాఠముకొఱకు మేము కల్పించినవి. ఉదయము 6 గంటలకు వడి సున్న. అచటినుండి క్రమముగ హెచ్చి 10 గంటలకు గంటకు 20 సెంటీమీటర్లయినది. పిమ్మట క్రమముగ తగ్గి మధ్యాహ్నము 2 గంటలకు మరల సున్నయైనది. ఆపై ఋణాత్మకమై సాయంకాలము 6 గంటలకు గంటకు −10 సెంటీమీటర్లకు దిగినది. రాత్రి 10 గంటలకు సున్నకు జేరి నిలిచినది. ఈ వడిని రేఖాచిత్రముగ గీసినచో రెండు ముక్కోణములు కనబడును. మొదటిది అడ్డుగీతకు పైన, ఎత్తైనది. రెండవది క్రింద, పొట్టిది.

ఇప్పుడు ప్రశ్న: నీరు అన్నిటికంటె నెత్తుగ నుండునది ఏ వేళ? తరగతిలో నీ ప్రశ్న వేసినప్పుడు సగమునకు మించిన చేతులు 10 గంటలనియే లేచును. వడిచిత్రమున శిఖరము 10 గంటలకడ కనబడుచున్నది గనుక కన్ను అటు లాగును. అది వడికి శిఖరము, నీటికి గాదు. 10 గంటల తరువాత కూడ వడి ధనాత్మకమే. 11 గంటలకు గంటకు 15, మధ్యాహ్నము 12 గంటలకు 10, 1 గంటకు 5. తగ్గుచున్నది వడి, నీరు పెరుగుచునే యున్నది. వడి సున్నయై ధనమునుండి ఋణమునకు మాఱు 2 గంటల వేళనే నీరు గరిష్ఠము.

ఈ భేదమును మేమింత పట్టుదలతో జెప్పుటకు కారణము కలదు. "వరద వేగము తగ్గినది" అను మాట గట్టుననున్న వానినోట బయలుదేఱి మూడవ వీధికి జేరునప్పటికి "వరద తగ్గినది" అని మాఱును. మధ్యలో రాలిపోయినది ఒక్క మాట. ఆ మాటను నమ్మి పశువులను మరల కొట్టములో గట్టినవారు, మంచముపైకెక్కించిన బియ్యపు బస్తాను దింపినవారు నష్టపోదురు. 2020, 2021 సంవత్సరముల మహమ్మారి కాలమునను ఇట్టిదే జరిగినది. రోగుల సంఖ్య పెరుగు వడి తగ్గినదన్న వార్తను రోగులే తగ్గిరని చదువుకొన్నవారు కలరు. ప్రమేయమును, దాని అవకలజమును వేఱుచేసి చూడనేర్చుట పరీక్షలో నాలుగు మార్కుల కొఱకు మాత్రమే కాదు.

సరే, గీతకు వత్తము. ఎప్పుడు పెరుగునో తగ్గునో తెలిసినది. ఎంత పెరుగునో కూడ లెక్కింపవచ్చును. గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున 2 గంటలు పెరిగినచో 20 సెంటీమీటర్లు పెరుగును. ఇది వడిచిత్రమున 10 యెత్తు, 2 వెడల్పు గల దీర్ఘచతురస్రపు వైశాల్యము. వడి మాఱుచున్నప్పుడును ఇదే న్యాయము. వడిచిత్రము క్రింది వైశాల్యమే పెరుగుదల. మొదటి 4 గంటలలో ముక్కోణపు వైశాల్యము, అనగా 4ను 20తో గుణించి సగము చేయగా 40. తరువాతి 4 గంటలలోను 40. పిమ్మట అడ్డుగీత క్రింద 20, మరల 20, ఇవి తగ్గుదలలు. కాబట్టి ఉదయము 6 గంటల మట్టమును సున్నగ నెంచినచో 10 గంటలకు 40, 2 గంటలకు 80, సాయంకాలము 6 గంటలకు 60, రాత్రి 10 గంటలకు 40 సెంటీమీటర్లు. ఈ యైదు బిందువులను కాగితముపై గుర్తింపుడు.

గుర్తించిన పిమ్మట వానిని మట్టపుబద్దతో గలుపరాదు. ఇది రెండవ తడబాటు. బిందువులనడుమ రేఖ యే విధముగ వంగునో అవకలజమే చెప్పుచున్నది. 6 నుండి 10 వఱకు వడి హెచ్చుచున్నది గనుక రేఖ మొదట బల్లపరుపుగ బయలుదేఱి అంతకంతకు నిటారుగ లేచును. వెల్లకిల పెట్టిన గిన్నె యంచువలె నుండును. 10 నుండి సాయంకాలము 6 వఱకు వడి తగ్గుచునే యున్నది. 20నుండి సున్నకు, సున్ననుండి −10కి. ఆ యెనిమిది గంటలును రేఖ బోర్లించిన గిన్నెవలె నుండును. దాని నడినెత్తి 2 గంటలకడ. సాయంకాలము 6 తరువాత వడి −10నుండి సున్నకు వచ్చుచున్నది. −10కంటె సున్న పెద్దది గనుక వడి హెచ్చుచున్నట్లే లెక్క. గిన్నె మరల వెల్లకిల పడును. నీరు దిగుచునే యున్నది, కాని మెల్లమెల్లగ దిగి చదునగును.

వెల్లకిల గిన్నె బోర్లగిన్నెగనో, బోర్లగిన్నె వెల్లకిలగనో మాఱు బిందువునకు నతిపరివర్తన బిందువని శాస్త్రనామము. మన చిత్రమున నవి రెండు: ఉదయము 10 గంటలు, సాయంకాలము 6 గంటలు. వడికి గరిష్ఠ కనిష్ఠములున్న చోటులవియే. అనగా అవకలజపు శిఖరము ప్రమేయమునకు శిఖరము గాదు, వంపు మాఱు చోటు. మొదట తడబడిన విద్యార్థి కన్ను 10 గంటలకడ నేదో విశేషమున్నదని పట్టుట తప్పు గాదు. ఆ విశేషమునకు పెట్టిన పేరు మాత్రము తప్పు.

ఇక మొదట జెప్పిన లోపము. ఉదయము 6 గంటల మట్టమును మనము సున్నయనుకొంటిమి. నిజముగ నది యెంత? వడి యెంత సూక్ష్మముగ దెలిసినను ఈ ప్రశ్నకుత్తరము రాదు. ఒకే వడితో నీరు పెరిగిన రెండు తావులలో, ఒకచోట మొదటి మట్టము గడపకు రెండు మీటర్లు దిగువ, వేఱొకచోట అరమీటరు దిగువ ననుకొందము. రెండింటి రేఖాచిత్రములును అచ్చముగ నొకే రూపమున నుండును. ఒకటి పైన, ఒకటి క్రింద. 80 సెంటీమీటర్ల వరద మొదటి యింటిని తాకదు. రెండవ యింటిలో 30 సెంటీమీటర్ల నీరు నిలుచును. అవకలజము రూపమును జెప్పునేగాని తావును జెప్పదు. తావును దెలియుటకు ఒక్క కొలత చాలును, ఏ వేళనైనను సరే; వంతెన స్తంభముపై నొక్కసారి చూచి వచ్చినచో చిత్రమంతయు తన యెత్తున నిలుచును. గణితపుస్తకములలో దీనినే సమాకలన స్థిరాంకమందురు. పేరు గంభీరముగ నున్నది గాని యది స్తంభముమీది యొక్క అంకె మాత్రమే.

గరిష్ఠముకడ వడి సున్నయగునను భావము ఐరోపానుండియే వచ్చినదని యనుకొనుట వాడుకయైనది. 1684లో లైబ్నిజ్ గరిష్ఠ కనిష్ఠములను, స్పర్శరేఖలను గూర్చి ప్రకటించిన వ్యాసముతో కలనగణితము లోకమున కెక్కిన మాట నిజము. న్యూటన్ వేఱుగ నాలోచించి అదే పద్ధతిని గనుగొనెను. కాని 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు 1150లో పూర్తిచేసిన సిద్ధాంతశిరోమణిలో గ్రహముల గతిని విచారించుచు రెండు విధముల గతిని జెప్పెను. నిన్నటి స్థానమును నేటి స్థానమునుండి తీసివేయగా వచ్చునది స్థూలగతి. వడిగా మాఱు చంద్రునివంటి గ్రహమునకది చాలదు. ఆ క్షణపు గతి కావలెను. దానిని తాత్కాలికగతి యనెను. గ్రహమునకు కలుపవలసిన ఫలము పరమమైన చోట దాని గతిఫలము శూన్యమగునని కూడ నాయన గ్రహించెను. మనము వార్ధా వరదకు జెప్పుకొన్నది, ఆయన గ్రహమునకు జెప్పెను. అంతమాత్రమున కలనగణితమంతయు మనవారే కనిపెట్టిరని చెప్పుట అతిశయోక్తి, మేమట్లు చెప్పము. ఆయన మనుమడు చంగదేవుని కాలపు శాసనము మన మహారాష్ట్రమునందే జల్‌గావ్ జిల్లాలో చాళీస్‌గావ్ సమీపమున పాటణ గ్రామమున నున్నదని మాత్రము మన విద్యార్థులు తెలిసికొనవలెను.

ఇప్పుడు నదిని విడిచి బీజగణితమున కొక్క యుదాహరణమును జూతము. ఇది కొంచెము కఠినము. తొమ్మిదవ తరగతివారు ప్రక్కన నెవరినైనను గూర్చుండబెట్టుకొని చదువవచ్చును. ప్ర′(య) = య²(3 − య) అని యిచ్చిరి. ప్ర(0) = 0 అనియు జెప్పిరి. చిత్రము గీయవలెను.

మొదట సున్నలు. అవకలజము య = 0 కడను, య = 3 కడను సున్న. ఇంతవఱకు వచ్చి, స్థిరబిందువులు రెండు గనుక ఒకటి గరిష్ఠము, రెండవది కనిష్ఠమని వ్రాసి చేతులు దులుపుకొనువారు కలరు. ఇది మూడవ తడబాటు, అన్నిటికంటె మొండిది. సున్న యగుట చాలదు, గుర్తు మాఱవలెను. య² యెన్నడును ఋణాత్మకము గాదు. కావున గుర్తునంతయు (3 − య) యే నిర్ణయించును. య మూడుకంటె తక్కువైనంతమేర, సున్నకు ఇరువైపులను కూడ, అవకలజము ధనాత్మకము. మూడు దాటిన పిమ్మట ఋణాత్మకము. య = 0 కడ రేఖ యొక్క క్షణము బల్లపరుపై మరల నెక్కసాగును. అది గరిష్ఠమును గాదు, కనిష్ఠమును గాదు. మోపు నెత్తిననెత్తుకొని గుట్టనెక్కు మనిషి నడుమ నొకచోట ఊపిరి తీసికొనుటకు నిలిచి మరల నెక్కునట్టిది. మనిషి నిలిచినంతమాత్రమున నది గుట్ట శిఖరము కాదుగదా! య = 3 కడ మాత్రము గుర్తు ధనమునుండి ఋణమునకు మాఱుచున్నది; అది నిజమైన గరిష్ఠము.

తరువాత వంపు. ప్ర′(య)ను విప్పి వ్రాసినచో 3య² − య³. దీని అవకలజము 6య − 3య², అనగా 3య(2 − య). ఇది సున్నకు ఎడమవైపున ఋణాత్మకము, 0కును 2కును నడుమ ధనాత్మకము, 2 దాటిన పిమ్మట మరల ఋణాత్మకము. కావున రేఖ మొదట బోర్లగిన్నె, నడుమ వెల్లకిల గిన్నె, పిదప మరల బోర్లగిన్నె. నతిపరివర్తన బిందువులు 0, 2. నడుమనున్న ఆరోహణమున రేఖ మిక్కిలి నిటారుగ నుండునది య = 2 కడ; అచ్చట వాలు 12 − 8 = 4. వరద కథలోని ఉదయము 10 గంటలవంటిదే యీ బిందువు.

అవకలజమును వెనుకకు నడిపించినచో ప్ర(య) = య³ − (య⁴/4) అని వచ్చును; ప్ర(0) = 0 అని ముందే చెప్పినందున స్థిరాంకము సున్న. దీనినుండి ప్ర(−1) = −1.25, ప్ర(1) = 0.75, ప్ర(2) = 4, ప్ర(3) = 6.75, ప్ర(4) = 0. ఈ బిందువులను గుర్తించి, పైన జెప్పిన వంపులను బట్టి చేతితో గీయుడు. క్రిందినుండి యెక్కుచు వచ్చిన రేఖ మూలబిందువుకడ అడ్డుగీతను తాకుచు చదునై, మెల్లగ లేచి, 2 కడ నిటారై, 3 కడ శిఖరమెక్కి, 4 కడకు జాఱి అడ్డుగీతను దాటి దిగిపోవును. 4 కడ వాలు 48 − 64 = −16. ఎక్కిన వడికంటె దిగు వడి యెంతయో హెచ్చు; చిత్రమునకు రెండు ప్రక్కలు సమానముగ నుండవు. శిఖరమునకు రెండువైపులను అద్దములో ప్రతిబింబమువలె గీయు అలవాటును మానుకొనవలెను.

అవకలజము సున్న గాని గరిష్ఠమును కలదు. మన చంద్రపూర్ ప్రక్కగా బాఱి వార్ధాలో గలియు ఇరై నదిపై ఆనకట్ట కలదు. తాపవిద్యుత్కేంద్రమునకు నీరందించునది అదియే. అట్టి జలాశయమున మట్టము గంటకు 6 సెంటీమీటర్ల చొప్పున పెరుగుచుండగా నొక్కసారి తూములెత్తిరనియు, ఆ క్షణమునుండి గంటకు 4 సెంటీమీటర్ల చొప్పున తగ్గినదనియు అనుకొందము. వడి 6నుండి −4కు దుమికినది. నడుమ సున్నను తాకలేదు. మట్టమునకు గరిష్ఠము మాత్రము కలదు, తూములెత్తిన క్షణముననే. చిత్రమున నచ్చట నునుపైన గుట్ట యుండదు. ఇంటికప్పు వెన్నువలె వాడియైన మూల యుండును. మూలకడ స్పర్శరేఖ యొక్కటి లేదు గనుక అవకలజమే లేదు. కాబట్టి గరిష్ఠ కనిష్ఠములను వెదకునప్పుడు అవకలజము సున్నయైన చోటులనే గాక, అది లేని చోటులను కూడ చూడవలెను. వీనినన్నిటిని గలిపి సందిగ్ధబిందువులందురు. పేరు చక్కగ నున్నది. సందేహమున్నది గనుకనే పరీక్షింపవలెను.

తల్లిదండ్రులడిగిన ప్రశ్న మిగిలియున్నది. పైపాఠమంతయు తెలుగున జెప్పితిమి. ఒక్కచోటనైనను భావము తెలుగునుండి జాఱిపోలేదు. దీనిని గ్రహించిన బాలిక కళాశాలకు బోయినప్పుడు ఆమెకు క్రొత్తగ నేర్వవలసినవి పది పండ్రెండు పేర్లు. ప్రమేయమునకొక పేరు, అవకలజమునకొక పేరు, నతిపరివర్తనమునకొక పేరు. వారము దినములలో నవి పట్టుబడును. దీనిని గ్రహింపక పేర్లను మాత్రమే ఇంగ్లీషున కంఠస్థము చేసిన వాడు శిఖరమును 10 గంటలకడనే గీయుచుండును. అందుచేత పేర్లపట్టికను భయపడనక్కఱలేదు. దానిని తొమ్మిదవ తరగతినుండియే నోటుపుస్తకపు కడపటి పుటలో మూడు వరుసలుగ, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు, వ్రాసికొనుట మంచిది. మరాఠీలో రేఖాచిత్రమును 'ఆలేఖ్' అనియు, స్పర్శరేఖను 'స్పర్శికా' అనియు అందురు. సగము మాటలు మనకు చుట్టములే.

అభ్యాసమునకు రెండు లెక్కలనిచ్చుచున్నాము. మొదటిది: ప్ర′(య) = (య + 1)(య − 2), ప్ర(0) = 1. చిత్రమును గీయుడు. వంపు మాఱు చోటు రెండు స్థిరబిందువులకు సరిగా నడుమ వచ్చునా, రాదా చూడుడు. గరిష్ఠ కనిష్ఠముల యెత్తులనడుమ భేదము 4.5 రాకున్నచో లెక్కను మరల చేయుడు.

రెండవది ఇంటివారందఱును కలిసి చేయదగినది. అర్ధరాత్రి 12 గంటలనుండి తెల్లవాఱుజాము 4 గంటలవఱకు నది గంటకు 5 సెంటీమీటర్ల చొప్పున సమముగ పెరిగినది. 4 నుండి ఉదయము 8 వఱకు ఆ వడి సమముగ తగ్గుచు 5నుండి −5కు వచ్చినది. 8 నుండి మధ్యాహ్నము 12 వఱకు గంటకు 5 సెంటీమీటర్ల చొప్పున నీరు తగ్గినది. వడిచిత్రమును మొదట, దాని క్రిందనే మట్టపు చిత్రమును గీయుడు. అర్ధరాత్రి మట్టముకంటె ఒక యింటి గడప 23.75 సెంటీమీటర్లు ఎత్తున నున్నది. నీరు గడప దాటునది యే వేళ, మరల గడప దిగునది యే వేళ? వైశాల్యములతోనే ఉత్తరము వచ్చును, సూత్రములక్కఱలేదు. తెల్లవాఱుజాము 4 గంటల 30 నిమిషములకు గట్టునుండి వచ్చిన పొరుగువాడు "వేగము తగ్గుతున్నది, ఇగ భయం లేదు" అని నిజమునే చెప్పి పోయెను. ఆ వేళ బియ్యపు బస్తాను మంచముపైనుండి దింపవచ్చునా, మీ చిత్రమును జూచి చెప్పుడు.